ఫైళ్ల అమరికను మార్చుట: బూస్ట్ లైబ్రరీల అనుభవము

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోని ఒక బీరువాను ఊహించుకొందము. పాఠశాల పెట్టిన తొలి యేట అందులో పది పరీక్షనాళికలు, రెండు త్రాసులు, నాలుగు సీసాలు మాత్రమే ఉండెను. అన్నింటిని మొదటి అరలోనే సర్దిరి. ఏండ్లు గడచిన కొలది భౌతికశాస్త్రపు సామగ్రి, రసాయనశాస్త్రపు సామగ్రి, జీవశాస్త్రపు సామగ్రి అంతయు అదే అరలో చేరినది. శాస్త్రమునకొక అర చొప్పున వేరు చేయవలెనని ఇప్పుడు ఉపాధ్యాయులకు తోచినది. వస్తువులను కదల్చుట ఒక పూట పని. కాని ప్రయోగ పుస్తకములన్నింటిలోను "మొదటి అరలోని త్రాసును తీసికొనుము" అని అచ్చయి యున్నది. ఆ పుస్తకముల ప్రతులు వేలకొలది ఉన్నవి. వానిని వ్రాసినవారందరిని వెదకి దిద్దించుట ఎవరి తరము? అరలు మారవలెను, పుస్తకములోని మాట తప్పు కాకూడదు. ఇదియే చిక్కు.

కంప్యూటరు రంగములో ఇట్టి చిక్కే బూస్ట్ అను పెద్ద సాఫ్ట్‌వేర్ సంకలనమునకు ఎదురైనది. సి ప్లస్ ప్లస్ అను భాషలో ప్రోగ్రాములు వ్రాయువారికి ఉపయోగపడు లైబ్రరీల సముదాయమే బూస్ట్. 2013లో దాని ఫైళ్ల అమరికను సమూలముగా మార్చిరి. ఆ మార్పు ఎట్లు జరిగినదో, జరుగునపుడు ఏమి బయటపడినదో తెలిసికొనుట కంప్యూటరు వృత్తిలో లేనివారికి కూడ ఉపయోగకరము.

లైబ్రరీ, హెడరు ఫైలు

ప్రోగ్రాము వ్రాయువారు ప్రతి పనిని మొదటి నుండి తామే చేసికొనరు. రెండు తేదీల మధ్య దినములను లెక్కించుట, పాఠములో ఒక పదమును వెదకుట వంటి పనులకు, ఇతరులు వ్రాసి సరిచూచి ఉంచిన ప్రోగ్రాము భాగములను తెచ్చుకొందురు. ఇట్టి భాగముల సమూహమునకే లైబ్రరీ అని పేరు. దీనిని లాగరితముల పట్టికతో పోల్చవచ్చును. విద్యార్థి లాగరితములను తాను గణింపడు. పట్టికను తెరచి, తనకు కావలసిన వరుసను చూచుకొనును.

సి ప్లస్ ప్లస్ భాషలో లైబ్రరీలోని పనిముట్ల వివరము హెడరు ఫైళ్లలో ఉండును. బూస్ట్ లైబ్రరీలలో పెక్కింటికి ఈ హెడరు ఫైళ్లే సర్వస్వము. ప్రోగ్రాము మొదట "ఇన్‌క్లూడ్" అను ఆజ్ఞను వ్రాసి, దాని ప్రక్కన హెడరు ఫైలు పేరును వ్రాయుదురు. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు ఆ ఫైలును డిస్కుపై వెదకి, అందలి పాఠమునంతను ఆజ్ఞ ఉన్నచోట చేర్చుకొనును. ఫైలు దొరకనిచో పని అంతటితో ఆగిపోవును.

ఆజ్ఞలో వ్రాయునది కేవలము ఫైలు పేరు కాదు. దానికి పోవు మార్గము కూడ. డిస్కుపై ఫైళ్లను డైరెక్టరీలు అనబడు అరలలో సర్దుదురు. వీనినే ఫోల్డర్లు అనియు పిలుతురు. ఒక డైరెక్టరీలో మరికొన్ని డైరెక్టరీలు ఉండవచ్చును. "బూస్ట్ డైరెక్టరీలోని షేర్డ్ పాయింటరు ఫైలు" అని వ్రాసినపుడు అది ఊరు, వీధి, ఇంటి సంఖ్య కలిసిన తపాలా చిరునామా వంటిది. ఈ చిరునామాను లైబ్రరీ కర్తలు ఒకసారి ప్రకటించిన పిమ్మట అది వారి చేతిలో ఉండదు. దానిని వాడుకొన్న ప్రతి ప్రోగ్రాములోను పాతుకొని ఉండును.

బూస్ట్ పుట్టుక

సి ప్లస్ ప్లస్ భాషకు మొదటి అంతర్జాతీయ ప్రమాణము 1998లో సిద్ధమైనది. ఆ ప్రమాణ సంఘములో లైబ్రరీల విషయమును చూచిన బీమన్ డావ్స్ మున్నగువారు, భాషతో పాటు లభించు లైబ్రరీ చాలదని తలచి, ఆ యేటనే క్రొత్త సంకలనమును ప్రతిపాదించిరి. 1999లో బూస్ట్ తొలి విడుదల వెలువడినది. దీని మూలపాఠము బహిరంగము. ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, చదువవచ్చును, మార్చుకొనవచ్చును. క్రొత్త లైబ్రరీ ఏదైనను ఇందులో చేరవలెనన్న తోటి నిపుణుల బహిరంగ సమీక్షలో నెగ్గవలెను.

బూస్ట్‌లో మొదట రూపొందిన పనిముట్లు పెక్కు తరువాత భాషా ప్రమాణములోనికే ఎక్కినవి. షేర్డ్ పాయింటరు ఇందుకు మంచి ఉదాహరణము. కంప్యూటరు జ్ఞాపకములోని ఒక వస్తువును ఎందరు వాడుచున్నారో అది లెక్క పెట్టుచుండును. లెక్క సున్నకు దిగగనే ఆ స్థలమును ఖాళీ చేయును. ఇది 2011 నాటి ప్రమాణములో చేరినది. ఫైళ్లను, డైరెక్టరీలను నడపు ఫైల్‌సిస్టమ్ లైబ్రరీ 2017 నాటి ప్రమాణమునకు మూలమైనది. ఇంతగా వాడుకలో నున్న సంకలనములో ఒక్క చిరునామా మారినను, దానిని వాడుకొన్న ఊరు పేరు తెలియని వారి ప్రోగ్రాములెన్నో ఆగిపోవును.

పాత అమరిక

తొలి అమరిక మిక్కిలి సరళము. పై అంతస్తులో ప్రధానముగా రెండు డైరెక్టరీలు. "బూస్ట్" అను దానిలో అన్ని లైబ్రరీల హెడరు ఫైళ్లు; "లిబ్స్" అను దానిలో లైబ్రరీకి ఒక ఉపడైరెక్టరీ చొప్పున ఇతర మూల ఫైళ్లు, పరీక్షలు, వివరణ పత్రములు. ఈ మొత్తమును ఒకే రిపాజిటరీలో భద్రపరచిరి. రిపాజిటరీ అనగా ఫైళ్లను, వానిలో నాటినుండి నేటివరకు జరిగిన ప్రతి మార్పును దాచు కోశము. మొదట దీనిని సి.వి.ఎస్. అను పద్ధతిలో నడిపిరి; 2007లో సబ్‌వర్షన్ అను పద్ధతికి మార్చిరి.

లైబ్రరీలు పది ఉన్నపుడు ఈ అమరికలో లోపము కనబడలేదు. అవి వందను దాటినప్పుడు మూడు కష్టములు తోచినవి. ఒక లైబ్రరీకి చెందిన ఫైళ్లన్నియు ఒకచోట లేవు. హెడర్లు ఒక మూల, పరీక్షలు మరొక మూల. ఒక చిన్న లైబ్రరీ మాత్రమే కావలసినవారు కూడ మొత్తమును తెచ్చుకొనవలసి వచ్చెను. అన్నింటికంటె ముఖ్యమైనది మూడవది. హెడర్లన్నియు ఒకే అరలో ఉండుటచేత, ఏ లైబ్రరీ ఏ లైబ్రరీ హెడరునైనను పిలుచుకొనగలిగెను. అడుగువారు లేరు, అడ్డు లేదు. "డిటెయిల్" అను ఉమ్మడి డైరెక్టరీలో పలు లైబ్రరీల లోపలి ఫైళ్లు కలిసిపోయినవి. ఇల్లు ఒకటే గదిగా ఉన్నంతకాలము ఎవరు ఎవరి వస్తువును వాడుకొనుచున్నారో ఎవరికి తెలియును?

క్రొత్త అమరిక

2013 డిసెంబరులో బూస్ట్ గిట్ అను పద్ధతికి మారినది. గిట్‌ను లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించెను. ఈ మార్పుతో పాటు డైరెక్టరీల అమరిక కూడ మారెను. లైబ్రరీకి ఒక రిపాజిటరీ చొప్పున వేరు చేసిరి. ప్రతి లైబ్రరీ తన హెడరు ఫైళ్లను తన "ఇన్‌క్లూడ్" డైరెక్టరీలో, మూల ఫైళ్లను, పరీక్షలను, వివరణలను వాని వాని డైరెక్టరీలలో తనవద్దనే ఉంచుకొనును. వీనినన్నింటిని కూర్చు పెద్ద రిపాజిటరీ ఒకటి పైన ఉన్నది. దానిలో లైబ్రరీల ఫైళ్లు ఉండవు. "ఈ లైబ్రరీ, దాని ఈ రూపము" అను సూచికలు మాత్రమే ఉండును. ఇట్లు సూచింపబడిన లోపలి రిపాజిటరీలను సబ్‌మాడ్యూళ్లు అందురు.

శాస్త్రమునకొక అర ఏర్పడినది. మరి ప్రయోగ పుస్తకములోని మాట ఏమైనది?

చిరునామాను కాపాడుట

వెదకవలసిన డైరెక్టరీల జాబితాను కంపైలరునకు ముందుగా ఇత్తురు. అది ఆ జాబితాను వరుసగా చూచుచు, ఫైలు దొరకిన చోట ఆగును. పాత అమరికలో జాబితాలో ఒక్క డైరెక్టరీని చేర్చిన చాలును. క్రొత్త అమరికను ఉన్నదున్నట్లు వాడినచో వంద లైబ్రరీలకు వంద డైరెక్టరీలు చేర్చవలెను. ఫైలు జాబితాలో ఎక్కడనైనను ఉండుటకు సమానావకాశము ఉన్నదనుకొందము. అప్పుడు దానిని కనుగొనుటకు సగటున చేయవలసిన ప్రయత్నముల సంఖ్య 1 నుండి 100 వరకు గల సంఖ్యల సగటు, అనగా 50.5. ఒక ప్రోగ్రాములో హెడరు హెడరును పిలుచుచు వందలకొలది ఫైళ్లు చేరుట సామాన్యము. వేయి ఫైళ్లకు ఒక్కొక్కసారి వెదకినను ప్రయత్నములు యాబది వేలను దాటును. పైగా వాడుకరి తన జాబితాలను తానే తిరిగి వ్రాసికొనవలెను.

బూస్ట్ నిర్మాతలు ఈ భారమును వాడుకరిపై మోపలేదు. పాత "బూస్ట్" డైరెక్టరీని అట్లే నిలిపి, దానిని లింకులతో నింపిరి. సింబాలిక్ లింకు అనగా "ఇచట లేదు, ఫలాని చోట చూడుము" అని వ్రాసిన చీటి వంటిది. కంప్యూటరు ఆ చీటిని చదివి తానే అచటికి పోవును. ప్రోగ్రామునకు ఆ సంగతియే తెలియదు. ఈ చీటీలన్నింటిని వ్రాయుటకు బూస్ట్ నిర్మాణ సాధనమైన బి2కు ఒక ప్రత్యేక ఆజ్ఞ కలదు. ఒక ఉపడైరెక్టరీ అంతయు ఒకే లైబ్రరీకి చెందినచో ఆ డైరెక్టరీకి ఒక్క లింకు చాలును. "డిటెయిల్" వలె పలు లైబ్రరీలు పంచుకొనునదైనచో ఫైలుకొక లింకు కావలెను.

విండోస్ వ్యవస్థలో సింబాలిక్ లింకును సృష్టించుటకు సామాన్యముగా ప్రత్యేకాధికారము కావలసి యుండెను. అట్టిచోట హార్డ్ లింకును వాడవచ్చును. ఇది చీటి కాదు; అదే ఫైలునకు రెండవ పేరు. ఒకే పిల్లవానికి ఇంట ముద్దుపేరు, బడిలో అసలు పేరు ఉన్నట్లు. కాని ఇందులో ఒక ప్రమాదము కలదు. గిట్ ఒక ఫైలును క్రొత్త రూపమునకు మార్చునపుడు పాతదానిని తొలగించి క్రొత్తదానిని వ్రాయును. అసలు పేరు క్రొత్త ఫైలునకు పోవును. ముద్దుపేరు పాత ఫైలునే పట్టుకొని యుండును. కంపైలరు ముద్దుపేరుతో వెదకి పాత పాఠమునే చదువును. కావున ప్రతి మార్పు తరువాత లింకులను తిరిగి వ్రాయవలెను. ఇది మరచినవారు, తాము దిద్దిన తప్పు ఇంకను ఏల కనబడుచున్నదని ఆశ్చర్యపోవుట కలదు.

ఈ లింకులు నిర్మాతలకే అవసరము. సామాన్య వాడుకరులకొరకు విడుదల చేయు కట్టలో "బూస్ట్" డైరెక్టరీ పూర్వము వలెనే అసలు ఫైళ్లతో నిండియుండును. లోపల గోడలు మారినను వీధి వాకిలి మారలేదు.

ఇట్టి ఉపాయమునే ఒక్కొక్క ఫైలు విషయములోను చూడవచ్చును. షేర్డ్ పాయింటరు అసలు పాఠము "స్మార్ట్ పాయింటరు" ఉపడైరెక్టరీలో ఉన్నది. పాత చిరునామాలో మిగిలిన చిన్న ఫైలు చేయు పని ఒక్కటే: క్రొత్త చోటనున్న ఫైలును పిలుచుట. ఇల్లు మారినవారి ఉత్తరములను తపాలా కార్యాలయము క్రొత్త ఇంటికి పంపుట వంటిదే ఇది.

చరిత్రను కాపాడుట

చిరునామా వలెనే పోగొట్టుకొనరానిది మరొకటి కలదు: ఫైలు చరిత్ర. ఒక వరుసను ఎవరు, ఎప్పుడు, ఏ కారణముచేత మార్చిరో తెలియకున్న తరువాతివారు అదే తప్పును మరల చేయవచ్చును. పదేండ్లకు మించిన మార్పులన్నియు ఒకే రిపాజిటరీలో ఉండెను. వానిని లైబ్రరీల వారీగా పంచుటకు, ఏ మార్గములోని ఫైలు ఏ లైబ్రరీకి చెందునో తెలుపు నియమములను వ్రాసి, పాత మార్పులన్నింటిని ఆ నియమముల ప్రకారము యంత్రముచేత వేరు చేయించిరి.

ఇచట గిట్ పనిచేయు తీరును కొంచెము తెలిసికొనుట మంచిది. గిట్ ప్రతి ఫైలు పాఠము నుండి ఒక సంఖ్యను గణించును. షా-1 అను గణన విధానములో ఇది 160 బిట్ల సంఖ్య. పదునారు ఆధారముగా గల సంఖ్యామానములో వ్రాసిన 40 అంకెలగును. పాఠములో ఒక్క అక్షరము మారినను ఈ సంఖ్య మారిపోవును. పాఠమును ఈ సంఖ్య క్రింద దాచి, ఫైలు పేరును, ఉన్న చోటును వేరొక పట్టికలో వ్రాసికొనును. అందుచేత ఫైలును ఒక డైరెక్టరీ నుండి మరొక దానికి జరిపినపుడు పాఠపు సంఖ్య మారదు. పట్టిక మాత్రమే మారును.

ఐతే "ఈ ఫైలు అచటినుండి ఇచటికి వచ్చినది" అని గిట్ ఎచటను వ్రాసికొనదు. ఒకచోట మాయమైన ఫైలు, మరొకచోట వెలసిన ఫైలు ఒకదానినొకటి పోలియున్నచో, అది జరుపబడినదని ఊహించును. జరుపుటతో పాటు పాఠమును కూడ ఎక్కువగా మార్చినచో ఈ ఊహ తప్పును. కావున అనుభవజ్ఞులు ఒక నియమమును పాటింతురు: మొదట జరుపుము, దానిని నమోదు చేయుము, ఆ పిమ్మట దిద్దుము. ప్రయోగశాలలో ఒకేసారి రెండు రాశులను మార్చరాదను నియమమునకు ఇది సోదరి.

బయటపడిన ముడులు

గోడలు కట్టిన పిమ్మటనే ఎవరు ఎవరి గదిలోనికి పోవుచున్నారో కనబడినది. ఒక లైబ్రరీ మరొక దాని హెడరును పిలిచినచో మొదటిది రెండవదానిపై ఆధారపడినదందుము. వంద లైబ్రరీలలో ఒక్కొక్కటి మిగిలిన 99లో దేనిపైనైనను ఆధారపడవచ్చును. కావున సాధ్యమగు సంబంధములు 100 × 99, అనగా 9,900. నిజముగా ఉన్నవి ఇంతకంటె చాల తక్కువయైనను, చేతితో లెక్కించుట సులభము కాదు. పీటర్ దిమోవ్ వ్రాసిన బూస్ట్‌డెప్ అను సాధనము హెడరు ఫైళ్లను చదివి ఈ సంబంధములను పట్టికలుగా చూపును.

ఈ పట్టికలో లైబ్రరీలను మెట్లుగా అమర్చుదురు. దేనిపైనను ఆధారపడనిది 0వ మెట్టు. తక్కిన ప్రతి లైబ్రరీ, తాను ఆధారపడిన వానిలో ఎత్తైన దానికంటె ఒక మెట్టు పైన ఉండును. కంపైలర్ల మధ్య తేడాలను సర్దు "కాన్‌ఫిగ్" 0వ మెట్టుపై ఉన్నది. దానిపై మాత్రమే ఆధారపడు "అసర్ట్" 1వ మెట్టు. ఈ రెండింటిపై ఆధారపడు "థ్రో ఎక్సెప్షన్" 2వ మెట్టు.

ఇప్పుడు క లైబ్రరీ గ పైన, గ లైబ్రరీ క పైన ఆధారపడినవనుకొందము. మొదటి దానినిబట్టి క మెట్టు గ మెట్టుకంటె ఎక్కువ. రెండవ దానినిబట్టి గ మెట్టు క మెట్టుకంటె ఎక్కువ. ఇది అసంభవము. కావున వలయమున్నచోట మెట్లు కట్టనే లేము. రెండింటిలో ఒకదానిని విడిగా తీసికొనలేము, విడిగా పరీక్షింపలేము. రిపాజిటరీలు వేరుపడినను లైబ్రరీలు వేరుపడనట్లే.

ఇట్టి ముడులు పెక్కు చిన్న కారణములవలన పుట్టినవి. "యుటిలిటీ" అను లైబ్రరీ నానా వస్తువుల పెట్టె. అందులో కొన్ని చిన్న పనిముట్లు దాదాపు అందరికిని అవసరము. మరికొన్ని పెద్దవై ఇతర లైబ్రరీలను పిలుచునవి. ఒక చిన్న పనిముట్టు కొరకు ఆ పెట్టెను తాకినవారు, దాని వెనుకనున్న గొలుసునంతను లాగవలసి వచ్చెను. దీనికి చేసిన చికిత్స సులభమైనది. వస్తువును సురక్షితముగా తొలగించు "చెక్డ్ డిలీట్", నకలు తీయుటను నిషేధించు "నాన్‌కాపీయబుల్" వంటి చిన్న పనిముట్లను వేరుచేసి, "కోర్" అను క్రొత్త లైబ్రరీలో ఉంచిరి. ఇది 2014 ఆగస్టులో వెలువడిన 1.56 విడుదలలో చేరినది. ఆ పనిముట్ల పాత చిరునామాలు మాత్రము నిలిచియే ఉన్నవి.

ఫలము, మూల్యము

ఈ మార్పు ఊరకనే రాలేదు. 2013లో 1.53, 1.54, 1.55 విడుదలలు నాలుగైదు నెలల కొకటి చొప్పున వెలువడినవి. 1.55 తరువాత 1.56 వెలువడుటకు సుమారు తొమ్మిది నెలలు పట్టినది. సాధనములను తిరిగి వ్రాయుట, అలవాట్లను మార్చుకొనుట, క్రొత్త పద్ధతిని నేర్చుకొనుట అన్నియు అందులో ఇమిడి యున్నవి.

ఫలము కూడ నిక్కమైనదే. నేడు బూస్ట్‌లో 150కి పైగా లైబ్రరీలు ఉన్నవి. ఒక్కొక్క దానిని దాని కర్తలు తమ రిపాజిటరీలో తామే పోషించుచున్నారు. విసిపికెజి వంటి ప్యాకేజి సాధనములు ఒక లైబ్రరీని, అది ఆధారపడిన వానిని మాత్రమే విడిగా తెచ్చి ఇయ్యగలుగుచున్నవి. ఆధారముల పట్టిక సరిగా లేనిచో ఇది సాధ్యము కాకపోయెడిది.

ఉపాధ్యాయులు ఈ విషయమును కంప్యూటరు లేకయే తరగతిలో చూపవచ్చును. పాఠ్యపుస్తకములోని పది అధ్యాయముల పేర్లను నల్లబల్లపై వ్రాసి, ఏ అధ్యాయము అర్థమగుటకు ఏ అధ్యాయము ముందు చదువవలెనో బాణపు గుర్తులతో చూపుమని విద్యార్థులను అడుగవలెను. పిదప మెట్లు కట్టింపవలెను. ఎచటనైనను బాణములు వలయముగా తిరిగినచో, ఆ రెండు అధ్యాయములలోను ఉన్న ఉమ్మడి భావన ఏదో వెదకి, దానిని వేరొక చిన్న అధ్యాయముగా తీసి ముందుంచవలెను. బూస్ట్ నిర్మాతలు "కోర్" విషయములో చేసిన పని ఇదియే.

వస్తువు ఉన్న చోటు వేరు, దానిని పిలుచు పేరు వేరు. ఈ రెండింటిని వేరుగా ఉంచగలిగినపుడు చోటును మార్చుకొను స్వేచ్ఛ లభించును. పేరును నమ్ముకొన్నవారికి ఇచ్చిన మాటయు నిలుచును. బీరువా అరలను మార్చదలచిన ఉపాధ్యాయుడు మొదటి అరలో, త్రాసు ఉండిన చోటనే, "త్రాసు రెండవ అరలో ఉన్నది" అని ఒక చీటి అంటించిన చాలును.